మంచం మీద నా బొమ్మ

మాది బోధన్. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. కిందటేడు గుండె దడగా ఉంటే కూతురు స్వప్న నిజామాబాద్ తీసుకెళ్లి పరీక్షలు చేయించింది. కాగితాలు తనే దాచుకుని “ఏం లేదవ్వా” అంది.

స్వప్న ఇంట్లోనే కంప్యూటర్ మీద పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. ఆ వారంలోనే ఓ మధ్యాహ్నం టీ పట్టుకుని వెళ్తే గదిలో తను లేదు. తెర మీద నేనున్నాను. నా ముక్కుపుల్ల, నా ఆకుపచ్చ చీర. ఓ పెద్ద గదిలో మంచం మీద పడుకుని ఉన్నాను, ఛాతీకి తీగలు, పక్కన ఏదో యంత్రం. కింద అక్షరాలు కూడబలుక్కుని చదివాను: ‘గుండె జబ్బు రోగి’.

జబ్బు నా దగ్గర దాచారనుకున్నాను. అక్కడే కూలబడ్డాను. టీ నేలపాలైంది.

స్వప్న పరుగెత్తుకొచ్చింది. “ఏమైందవ్వా?”

“నాకింకెన్ని దినాలున్నయ్ బిడ్డా? నిజం జెప్పు.”

తెర వైపు చూసి తల కొట్టుకుంది. “అయ్యో, గా బొమ్మ నువ్వు గాదవ్వా! ముందు ముందు వైద్యం ఎట్లుంటదో ఒక రిపోర్టుకు బొమ్మలేస్తున్న. రోగి ఇంట్లనే ఉంటది, డాక్టర్ దూరంకెల్లి సూస్తడు. ముసలామెను గీద్దామంటే నీ మొకమే వస్తది. నీకేం రోగం లేదు, ఒట్టు!”

“ముసలామెనా నేను?” అన్నాను. మళ్లీ తెర వైపు చూశాను. “గంత పెద్ద గదిల నా పక్కకు ఒక్కరు లేరేందే?”

స్వప్న కంప్యూటర్ ముందు కూర్చుని, మంచం పక్కన ఒక అమ్మాయిని గీసి, నా చేతిని ఆ పిల్ల చేతిలో పెట్టింది.

రిపోర్టు అలాగే అచ్చయింది. చస్తానన్న భయం ఆ పూటకే పోయింది. బొమ్మలో ఎవరూ లేని ఆ గది గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.