మామయ్యగారి టచ్‌డౌన్

పెళ్లయిన కొత్తలో ఇంటికొచ్చిన మామగారితో ఎలా మెలగాలో ఆ రోజుల్లో నాకెవరూ చెప్పలేదు. అమెరికాలో క్యారీ అనే ఊళ్లో అద్దె అపార్ట్‌మెంటు, కొత్త ఉద్యోగం, మా ఆవిడకి ఏడో నెల. పురుటికని అత్తగారు, మామయ్యగారు వచ్చారు. అత్తగారు దిగిన పూటే వంటింటిని స్వాధీనం చేసుకున్నారు. చిక్కంతా మామయ్యగారితోనే. బస్ డిపోలో కంట్రోలర్‌గా రిటైరైన ఆయనకి అల్లుడంటే ఎక్కడలేని మర్యాద. నేను ఆఫీస్ నుంచి రాగానే సోఫాలోంచి లేచి నిలబడేవారు. పెద్దాయన నిలబడితే నేనెలా కూర్చుంటాను? ఇద్దరం చేతులు కట్టుకుని నిలబడే టీవీలో వార్తలు చూసేవాళ్లం. "ఏంటి, బస్ కోసం వెయిట్ చేస్తున్నారా ఇద్దరూ?" అని మా ఆవిడ కసిరేది.

ఒక ఆదివారం తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర ఎవరో ఆవిడ "ఎన్నాళ్లుంటారు అన్నయ్యగారూ?" అని పలకరించింది. ఆయన మొహమాటంగా నవ్వి, "మా ఆవిడ ఉంటుందమ్మా. నేను వచ్చే నెలే వెళ్లిపోతాను. కూతురింట్లో ఎన్నాళ్లని కూర్చుంటాం?" అనేశారు. కారెక్కగానే మా ఆవిడ ముఖం తిప్పుకుని ఏడ్చింది. ఇంటికొచ్చాక నన్ను పక్కకి లాగి, "డెలివరీకి డాడీ ఉండాల్సిందే. ఏం చేస్తావో నాకు తెలీదు" అంది. (పెళ్లిలో పాస్టరుగారు చేయించిన ప్రమాణాల్లో ఇది లేదు, నాకు బాగా గుర్తు.)

నాకు తోచిన ఉపాయం ఒకటే. పక్క వీధిలో ఎవరో ఇంటి ముందు పాత సామాన్లు అమ్ముకునే గరాజ్ సేల్‌లో కొన్న పాత వీడియో గేమ్ పెట్టె ఒకటి అటక మీద ఉంది. నాకంటే పెద్దదే అయ్యుంటుంది వయసులో. ఎర్ర బటన్ ఉన్న జాయ్‌స్టిక్‌లు రెండు, ఫుట్‌బాల్ క్యాసెట్ ఒకటి. మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో పెట్టుకుని అవతలి గీత దాకా పరిగెత్తే అమెరికా వాళ్ల ఆట. గీత దాటితే టచ్‌డౌన్, అంటే పాయింట్లు. తెర మీద చదరపు బొమ్మలు, ఏది తలో ఏది కాలో తెలిసేది కాదు. సోమవారాలు ఆఫీస్‌లో అందరూ ఆ ఆట గురించే మాట్లాడుకుంటారని, నేర్చుకుందామని కొన్నాను. (నేర్చుకున్నదంతా ఒలకబోస్తే ఒకాయన జాలిపడి కాఫీ తెచ్చిచ్చాడు. అది వేరే సంగతి.) "ఇద్దరుంటేనే ఆడుతుంది, రండి మామయ్యగారూ" అని బతిమాలాను. జాయ్‌స్టిక్ వైర్లు పొట్టివి, టీవీ ముందు కార్పెట్ మీద పక్కపక్కన కూలబడాల్సిందే. ఆయన నా వంకా వైరు వంకా చూసి, చివరికి కూర్చున్నారు.

మొదటి ఆట చెప్పుకోవాలి. బంతి నాది, ఆయన బొమ్మ నన్ను ఆపాలి. దగ్గరదాకా వచ్చి పక్కకి తప్పుకుంది. "వెళ్లండి అల్లుడుగారూ." మామగారి మీద గెలుస్తామా ఎక్కడైనా? నేనూ ఆగిపోయాను. "మీరు పట్టుకోండి మామయ్యగారూ." "అబ్బే, మీరు కానివ్వండి." టైమైపోయింది, సున్నాకి సున్నా. బెండకాయలు తరుగుతున్న అత్తగారు, "ఇదేం ఆట నాయనా, ఎవరూ ఎవర్నీ ముట్టుకోరు!" అని ఆశ్చర్యపోయారు. మా ఆవిడకి ఒళ్లు మండి, "డాడీ, డిపో టీమ్‌లో కబడ్డీ ఆడానన్నావు, ఉత్తిదేనా?" అంది. మామయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. రెండో ఆటలో ఆయన బొమ్మ నా బొమ్మని పట్టేసింది, ఆయన మోచెయ్యి నిజంగానే నా డొక్కలో దిగింది. "దొరికాడు!" అని అరిచి, వెంటనే "సారీ అండీ, సారీ" అన్నారు. నొప్పి సంగతి దేవుడెరుగు, నాకు నవ్వాగలేదు.

ఇక చూడండి. పగలంతా మామయ్యగారు అత్తగారి చేతికి రెండో జాయ్‌స్టిక్ ఇచ్చి ప్రాక్టీస్. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "షూ విప్పి రావయ్యా, టైమ్ వేస్ట్ చేయకు!" తిరుగు టికెట్ మాటెత్తితే, "ముందు ఇతన్ని ఓడించనీ, తర్వాత చూద్దాం" అనేవారు. అది విని మా ఆవిడ నాకు ఆర్డర్ వేసింది: "నువ్వు ఓడిపోతే డాడీ ఫ్లైట్ ఎక్కేస్తారు. సీరియస్‌గా ఆడు." ఓడిపోవడమే మర్యాద అనుకున్నవాణ్ణి, ప్రాణం పెట్టి గెలవాల్సొచ్చింది. ఆఫీస్ మీటింగుల్లో కూర్చుని కాగితం మీద ఎత్తులు గీసుకునేవాణ్ణి. (మా మేనేజర్ అది డిజైన్ అనుకుని మెచ్చుకున్నాడు.)

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన గెలిచేశారు. ఆఖరి క్షణంలో నా బొమ్మని తప్పించుకుని గీత దాటేశారు. వెనక మా ఆవిడ పొట్ట మీద చెయ్యేసుకుని అలా నిలబడిపోయింది. "మామయ్యగారూ, ఇంకొక్క ఆట. పురుడయ్యేదాకా రోజూ ఒక్కటి ఆడదాం. వెళ్లకండి" అన్నాను, సిగ్గు విడిచి.

ఆయన నా వైపు తిరిగి, "ఓరి పిచ్చోడా! దాని పురుడు చూడకుండా నేనెక్కడికి పోతానయ్యా?" అన్నారు. "మొదట్లో పోదామనే అనుకున్నాను, పరాయి ఇల్లనిపించి. ఆ రోజు డొక్కలో పొడిచినా నవ్వావు చూడు, అప్పుడే మానుకున్నాను."

"మరి ఓడించాక చూద్దామని రోజూ అన్నారు కదండీ!"

"నన్ను ఉంచుకోడానికి ఒకడు అంతలా చెమటలు కక్కుతుంటే బాగుందయ్యా. ఇంకొన్నాళ్లు చూద్దామని ఊరుకున్నాను."

మా ఆవిడ ఏడుస్తూనే ఇద్దర్నీ తిట్టింది. ఎర్ర బటన్ నొక్కి నొక్కి బొటనవేలు బొబ్బెక్కించుకుని, తన ఆట వల్లే ఆ పెద్దాయన ఆగాడనుకున్న అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వుతూ నవ్వుతూనే, వాడు కాస్త ముద్దొస్తాడు కూడా.