ఉల్టా గీసిన చక్రం

మణుగూరులో మా క్వార్టర్ ముందుగదే నా ఆఫీసు. పాత డ్రాయింగుల స్కాన్‌లు పంపిస్తారు. నేను కంప్యూటర్‌లో వాటి మీద గీత గీతా మళ్లీ గీసి, మార్చుకోవడానికి వీలయ్యే క్యాడ్ ఫైలుగా చేసి ఇస్తాను. ఏళ్లుగా ఇదే పని. స్కాన్‌లో లేనిది గీయను, ఉన్నది వదలను అని గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఆ వానాకాలం దుమ్ముగూడెం వైపు ఒక ఊరి రైతులు తమ పంపు ఇంపెల్లర్ డ్రాయింగు స్కాన్ పంపారు. గోదావరి నీళ్లను పైకి తోసే ఇనుప చక్రం అది. పగిలిపోయింది. అంత పాత పంపుకు సామాను దొరకదు. నేను ఫైలు ఇస్తే ఖమ్మంలో పోత పోయించుకుంటారు. నారుమడిలో నారు ముదిరిపోతోంది, జల్దీ కావాలని రోజూ ఫోను. ట్రేసింగ్ కాగితాన్ని చెదలు సగం తినేశాయి. మిగిలిన అంకెలు రెండే, ఒక 8, ఒక 11. మిగతా కొలతలు పగిలిన ముక్కల మీద కొలిచి పంపారు.

రెండు రోజుల్లో పూర్తిచేశాను. రెక్కల వంపు ఎంత నున్నగా వచ్చిందో చూసుకుని మురిసిపోయాను. ఖమ్మం పంపబోతుంటే ఆ ఊరి నుంచి పెద్దాయన ఒకరు వచ్చారు. పంపు నడిపేది ఆయనే. తువ్వాల విప్పి ముక్కొకటి తీసి స్క్రీన్ పక్కన పెట్టారు.

"గిదేంది బిడ్డా? మాది గిటు ఒంగింది, నీది గటు ఒంగింది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ముక్కను బోర్లిచ్చి చూడు పెద్దయ్యా, సరిపోతది" అన్నాను.

బోర్లించారు. "అవ్, గిప్పుడు దాని ఈపు కనబడ్తంది. రెక్కలేవి?"

రెక్కలు చక్రానికి ఒకవైపే ఉంటాయి. అప్పుడు వెలిగింది నాకు. రెండువైపులా గీతలు కనబడే పల్చటి ట్రేసింగ్ కాగితాన్ని జిరాక్స్ షాపులో తిరగేసి స్కాన్ చేశారు. 8, 11 తిరగేసినా అలాగే కనిపిస్తాయి, అనుమానమే రాలేదు. ముక్కల ఫొటో ఒక్కటైనా అడగలేదు నేను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అలాగే పోత పోసుంటే చక్రం తిరిగేది కానీ నీళ్లు పొలం దాకా ఎక్కేవి కావు. నారంతా మడిలోనే పాడయ్యేది.

మిర్రర్ అనే ఒక్క కమాండుతో బొమ్మ తిరగబడింది. అయినా ఆయన్ని కూర్చోబెట్టి ముక్కతో మూడుసార్లు పోల్చుకున్నాను. ఆయన టీ తాగి, "ఇగ పంపు" అన్నారు.

కొత్త చక్రం బిగించిన రోజు నేనూ వెళ్లాను. గట్టు మీద ఊరంతా ఉంది. పెద్దాయన నన్ను చూసి, అందరికీ వినబడేలా, "ఉల్టా గీసిన బిడ్డ ఒచ్చింది. స్విచ్ ఆమెతోనే ఏపిద్దాం" అన్నారు. ఆడవాళ్లు పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. స్విచ్ వేశాను. మోటారు గుర్రుమంది. పైపు రెండుసార్లు దగ్గి, ఎర్రటి గోదారి నీళ్లు కక్కింది. అప్పటిదాకా నవ్వినవాళ్లంతా నన్ను అక్కడే వదిలేసి నారు పీకడానికి పరుగెత్తారు.