ప్రార్థన కోసం ఆగిన మిషను

మా పెద్ద సిస్టరుగారు పోయారని ఆవిడ చెల్లెలు స్వయంగా వచ్చి, వార్డు గుమ్మంలో నిలబడి చెప్పింది. నేను బాపట్ల ఆసుపత్రిలో ఒక బాలింతకు బీపీ చూస్తున్నాను. పట్టీ విప్పి, అంకె రాసి, ఆ తర్వాతే పక్కకు వెళ్లి ఏడ్చాను. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లం ఎవరమైనా అంతే చేసి ఉండేవాళ్లం.

మాది కొల్లూరు దగ్గర లంక. అమ్మానాన్నలు అరటితోటల్లో కూలికి వెళ్లేవాళ్లు. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. టెన్త్ పాసై రేపల్లె దగ్గర ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకు చేరినప్పుడు అక్కడ కాన్పుల గది ఆవిడ చేతిలో ఉండేది. గాజు సిరంజీలు ఉడికే గిన్నె మూత నేను మాటిమాటికీ ఎత్తి చూస్తుంటే, "ఏంటమ్మాయ్, పప్పు మెత్తబడిందా?" అనేవారు. ఉతికి ఆరేసిన రబ్బరు గ్లవుజుల్లోకి గాలి ఊది, చెంప దగ్గర పెట్టుకుని చిల్లులు కనిపెట్టడం నేర్పారు. ఆ రోజుల్లో ఆవిడ బాగా నవ్వేవారు.

పుట్టిన బిడ్డ గొంతులో ఉమ్మనీరు అడ్డుపడితే లాగేందుకు మాకు కాలితో తొక్కే పాత సక్షన్ మిషను ఒకటుండేది. దాని రబ్బరు పగిలిపోయింది. చర్చి సంఘంలోని ఆడవాళ్లు చందాలు పోగుచేసి కరెంటుతో నడిచే కొత్తది కొన్నారు. అది రాగానే పాతదాన్ని తెనాలికి రిపేరుకు పంపేశారు. కొత్తదాన్ని మాత్రం ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రతిష్ఠ ప్రార్థన చేసేదాకా ముట్టుకోవద్దని సంఘ పెద్దలు అన్నారు. మా సిస్టరుగారు విశ్వాసి. సరేనని, దానిమీద తెల్లగుడ్డ కప్పించి మూలన పెట్టించారు.

శుక్రవారం పొద్దున ఒక కూలి మనిషి నొప్పులతో వచ్చింది. తొలికాన్పు. మగబిడ్డ పుట్టాడు గాని ఏడవలేదు. సిస్టరుగారు గుడ్డ లాగి పారేసి మిషనును మంచం దగ్గరికి ఈడ్చారు. దాని ప్లగ్గు పుల్లలు లావుగా ఉన్నాయి. మా గోడలో ఉన్న చిన్న సాకెట్లో పట్టలేదు. ఎలక్ట్రీషియన్ కోసం ఆయా పరుగెత్తింది. సిస్టరుగారు సన్న రబ్బరు గొట్టం బిడ్డ నోట్లో పెట్టి, రెండో కొసన తన నోరు పెట్టి పీల్చారు, ఉమ్మారు, మళ్లీ పీల్చారు. ఎలక్ట్రీషియన్ వచ్చేసరికి బిడ్డ ప్రాణం పోయింది.

ఆ తల్లి కింద పడి ఉన్న తెల్లగుడ్డ వైపు చూసింది. తర్వాత అడిగింది.

"ఏంటి సిస్టరమ్మా అది? గుడ్డ తీసి లాక్కొచ్చారే."

మేం తలలు దించుకున్నాం. ఏదో ఒకటి చెప్పి సర్దేయవచ్చు. సిస్టరుగారు మంచం పక్కన కూర్చున్నారు.

"నీ బిడ్డకి పనికొచ్చే మిషనేనమ్మా. ప్రార్థన అయ్యాక వాడదామని ఆపాం. ప్లగ్గు పెట్టి కూడా చూసుకోలేదు. తప్పు నాది."

"ఆగమని దేవుడు చెప్పాడా అమ్మా?"

సిస్టరుగారు ఆ తల్లి చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

ఆదివారం అయ్యగారు వస్తే గుమ్మంలోనే ఎదురెళ్లారు. "ఇకమీదట ఏ వస్తువొచ్చినా ముందు వాడతామండి. ప్రార్థన తర్వాత చేద్దురుగాని," అన్నారు. పెద్దల్లో ఒకరిద్దరు గొణిగారు. అయ్యగారు మాత్రం కాసేపు కళ్లు మూసుకుని, అలాగే కానివ్వమన్నారు.

ఆ తర్వాత మా గదిలోకి ఏది వచ్చినా ఆ పూటే విప్పేవాళ్లం. ఆక్సిజన్ సిలిండరైతే సిస్టరుగారు మాస్కు ముందు తన మొహానికే పెట్టుకుని చూసేవారు. "కట్లు విప్పనంతకాలం అది మన దగ్గర లేనట్టే," అనేవారు. పప్పు మాట మళ్లీ ఎప్పుడూ అనలేదు. ఆ తల్లి కూడా మా ఆసుపత్రికి మళ్లీ రాలేదు.

రిటైరయ్యాక ఆవిడ బాపట్లలో చెల్లెలి ఇంట్లో ఉండేవారు. గుండె పాడైంది, నాలుగు మాటలకే ఆయాసం. చివరిసారి వెళ్లినప్పుడు మా వార్డులో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే అడిగారు. పసిబిడ్డల్ని వెచ్చగా ఉంచే వార్మర్ వచ్చిందని, పైఅధికారి వచ్చి ప్రారంభించేదాకా స్టోరులో తాళం వేసి ఉంచారని చెప్పాను.

ఆవిడ లేచి చీర సర్దుకుని చెప్పులేసుకున్నారు.

"రిక్షా పిలువమ్మాయ్," అన్నారు.

వద్దంటే వినలేదు. వసారా దాటి మెట్టు దాకా రాగలిగారు. అక్కడ ఊపిరందక కూలబడిపోయారు. నేను వెళ్లి తాళం తీయిస్తానని మాటిచ్చాను. ఆ సాయంత్రమే సూపరింటెండెంటుగారితో పోట్లాడి తీయించాను కూడా.

కానీ నాకిప్పుడు ఎంతసేపూ కళ్లలో మెదిలేది, ఆ రోజు సందు మలుపులో నేను వెనక్కి తిరిగినప్పటి దృశ్యం. చెల్లెలు లోపలికి రమ్మని బతిమాలుతోంది. ఆవిడ మెట్టు మీద, చెప్పులతోనే, ఒక చేత్తో గోడ పట్టుకుని లేవబోతున్నారు.