పెదనాన్నను తాగుబోతును చేసిన రోజు

ఆ రోజుల్లో మా చర్చి సంఘంలో పాపాలకు పెద్దా చిన్నా ఉండేవి. సినిమాకు వెళ్లడం చిన్నది, తాగడం కాస్త పెద్దది. (యానాంలో అడుగడుగునా బ్రాందీ షాపు పెట్టుకుని దాన్ని మరీ పెద్దది చేస్తే గుడిలో మగవాళ్లు మిగలరు.) అన్నిటికన్నా పెద్దది తన ప్రాణం తాను తీసుకోవడం. అలా పోయినవాళ్లను సమాధుల తోట ప్రహరీ అవతల పాతిపెట్టేవారు. తాగి పోయినవాళ్లు మాత్రం సిలువలతో సహా లోపలే ఉండేవారు. ఇది ఎక్కడ రాసి ఉందో నాకు తెలియదు. అప్పటికి నాకు చదవడం రాదు, రొయ్యల షెడ్డులో తలకాయలు తీయడం వచ్చు.

మా ఊరు దరియాలతిప్పలో పెదనాన్నంత తాగని మనిషి లేడు. ఆదివారం ఆదివారం లేచి నిలబడి, మందు ముట్టనని సాక్ష్యం చెప్పి తాగేవాళ్లను విసిగించేవాడు. వేటకు వెళ్లిన ఒక్కగానొక్క కొడుకు శవమై వచ్చాక సాక్ష్యం మానేశాడు, తర్వాత మాట్లాడడమే మానేశాడు. ఒక తెల్లవారుజామున ఆయన చెప్పులూ తువ్వాలూ గోదావరి ఒడ్డున పొందిగ్గా పెట్టి కనిపించాయి. మధ్యాహ్నానికి ఆయన దొరికాడు.

పెద్దమ్మ కోరిక ఒక్కటే, ఆయన్ను కొడుకు పక్కన పడుకోబెట్టాలి. పాస్టరు గారు అరుగు మీద కూర్చుని, "గోదాట్లో ఈదుతూ పెరిగిన మనిషమ్మా. ఎలా మునిగిపోతాడు?" అన్నారు. పెద్దమ్మ ఏడుపు ఆపింది.

"తాగున్నారండి," అంది.

"ఎవరూ, ఆయనా?"

"ఆయ్. రోజూ తాగేవోరండి. పైకి తెలీనిచ్చేవోరు కాదు."

పెద్దమ్మ అల్లుడు, అంటే మా బావ (ఆ విద్యలో ఆరితేరినవాడు), గబగబా లోపలికి వెళ్లి ఆ తువ్వాలు పట్టుకొచ్చాడు. పాస్టరు గారు వాసన చూసి మొహం తిప్పుకున్నారు.

"తెల్లవారుజామున దొరికిన తువ్వాలు, ఇంకా తడిగా ఉందేంటయ్యా?"

"సరుకు గట్టిదండి," అన్నాడు బావ.

పాస్టరు గారు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, నువ్వు అబద్ధమాడవు. నువ్వు చెప్పు." పెద్దమ్మ నన్ను చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేకపోయాను.

"తాగేవోరండి," అన్నాను. అది చాలదేమో అనిపించింది. "ఒక్కోసారి నాక్కూడా పోసేవోరండి."

బావ దగ్గు ఆపుకోలేక పెరట్లోకి పోయాడు. పాస్టరు గారు కళ్లు మూసుకుని తలవంచుకున్నారు. తర్వాత, "లోపలే తవ్వమనండి," అని లేచారు. ఆ సాయంత్రం సమాధి దగ్గర తాగుడు వల్ల వచ్చే అనర్థాల మీద వాక్యం చెప్పారు. పెద్దమ్మ ఏడుస్తూనే, నిజమేనండి నిజమేనండి అని ప్రతి మాటకీ తలూపింది.

తర్వాతి ఆదివారం నుంచి నాకు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వడం ఆపేశారు, తాగుడు ఒప్పుకున్న పిల్లను కదా. అందరూ రొట్టె కోసం లేచి వెళ్తుంటే నేను చాప మీద ఒక్కదాన్నే మిగిలేదాన్ని. ఒక్కదాన్నే అనకూడదు. పెద్దమ్మ కూడా లేవకుండా, నా చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఎందుకు లేవలేదని పాస్టరు గారు ఒక్కనాడూ అడగలేదు.

నడివయసు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు మాట మాటకీ వేలు పెట్టుకుని బైబిలు చదువుతున్నాను. అలా పోయినవాళ్లను గోడ అవతల పాతమన్న వాక్యం ఇంతవరకూ తగల్లేదు. అబద్ధ సాక్ష్యం పలకవద్దన్నది మాత్రం తొందరగానే తగిలింది. వేలు అక్కడ కాసేపు ఆగింది. ఆ రోజు ఆ పిల్లకు చదువు వచ్చి ఉంటే ఆ అబద్ధానికి నోరు పెగిలేదా అనిపించింది. నవ్వుకుని పేజీ తిప్పాను.