నాగవల్లి, మూడు స్టీలు పలకలు

సాగర్ కుడికాలువ ఎండినా నాగవల్లి కోపం ఎండదని నరసరావుపేటలో చెప్పుకుంటారు. ఊరి చివరి ఇంజనీరింగు కాలేజీలో ఇనుమును లాగి తెంచే టెస్టింగ్ మిషను దగ్గర పదకొండేళ్లు పనిచేసిన మనిషి. చదివింది ఇంటరే. అయినా ముక్కను వేలితో నిమిరి, ఎక్కడ తెగుతుందో చెప్పేసేది.

పోయినేడు ఆ ల్యాబ్ పెద్ద, ప్రొఫెసరు రామబ్రహ్మం సారు కొత్తరకం పలకలు తెచ్చాడు. వెల్డింగు తీగ కరిగించి, పొర మీద పొర పోసి ప్రింటు తీసిన స్టీలు. రెండు పలకల్ని బోల్టుతో బిగించి లాగాలి. ఎటు లాగినా బలం ఒకటేనని సారు ముందే రాసిపెట్టుకున్నాడు. నాగవల్లి లాగి చూస్తే పొరల వెంబడి లాగినవి నిలిచాయి. పొరలకు అడ్డంగా లాగినవి మాత్రం అనుకున్న బరువులో సగానికే బోల్టు బెజ్జం దగ్గర చీలాయి.

"సార్, అడ్డం లాగితే ఇయ్యి నిలబడటంలా."

"నీ పని బటన్ నొక్కటం. బిగించటం చేతగాక నా లెక్క చెడగొట్టావ్," అన్నాడు సారు, క్లాసు పిల్లలందరి ముందే. ఆపరేటరు తప్పని రిపోర్టులో రాసి, ఆమెను లైబ్రరీలో దుమ్ము దులపడానికి తోసేశాడు.

ఆరు నెలలు దులిపింది. ప్రతి పుస్తకాన్నీ సారు వీపనుకునే దులిపింది. ఆ దెబ్బలకు సగం లైబ్రరీకి అట్టలూడాయి.

"ఏందక్కా, నవ్వటమే మానేశావు," అంది లైబ్రరీలో పనిచేసే ఫర్హీన్.

"దాచుకుంటన్నాలేవే."

ఒకరోజు వంతెనలు కట్టే కంపెనీ నుంచి ఇంజనీరు దీపశ్రీ పరీక్ష చూడటానికి వచ్చింది. కొత్త ఆపరేటరు బిగిస్తే పలక జారిపోతోంది. సారు దిక్కులేక నాగవల్లికి కబురంపాడు. ఆమె నింపాదిగా వెళ్లి, ఎటైనా ఒకటేనని సారు ఎంచిన అడ్డపొరల పలకలే బిగించింది.

"బిగింపు చూడండి సార్. మేడమ్, మీరూ చూడండి."

బాగుందని ఇద్దరూ అన్నారు.

"ఇహ బటన్ మీరే నొక్కండి సార్. నేను నొక్కితే మళ్లా నా తప్పవుద్ది."

నొక్కాడు. సగం బరువుకే పలక ఫెళ్లున చీలింది. ఆ చప్పుడుకు కొండవీడు కోట మీది పిట్టలు లేచి కోటప్పకొండ మీద వాలాయట.

"ఇంకోటుంది సార్." అదీ చీలింది.

"మూడోది గూడా కానియ్యండి, మొహమాటపడమాకండి."

మూడోదానికి సారు చొక్కా పిండితే బిందె నిండేది.

దీపశ్రీ సారును వదిలి నాగవల్లి వైపు తిరిగింది. "మరి ఎటు లాగితే నిలుస్తుందక్కా?"

నాగవల్లి ఇంకో పలకను పొరల వెంబడి బిగించి చూపించింది. అనుకున్న బరువు దాటినా అది బెదరలేదు.

సాయంత్రం సారు లైబ్రరీకొచ్చి గొంతు తగ్గించాడు. "పొరపాటైంది నాగవల్లీ. రేపట్నించి ల్యాబ్‌కి రా."

"తిట్టేటప్పుడు చెవిలో తిట్టారా సార్? నా తప్పు లేదని రాసి సంతకం పెట్టండి, వస్తా."

రాసిచ్చాడు. ఆమె వంద జెరాక్సులు తీయించింది. నోటీసు బోర్డుకు, క్యాంటీనుకు, సారు కారు నిలిపే గోడకు అంటించుకుంటూ పోయింది.

"ఇంక చాల్లే అక్కా, పెద్దాయన పాపం," అంది వెంట నడుస్తున్న ఫర్హీన్.

"ఆ గమ్ము డబ్బా ఇటియ్యి," అని నాగవల్లి సారు గది తలుపు వైపు నడిచింది.