రాజం పెద్దయ్యకు పడిన కండెలు

2020 జూన్. సూరత్ లింబాయత్‌లో మగ్గాలు ఆగి మూడో నెల. నాది కండెలు చుట్టే పని. మగ్గంలో అడ్డంగా పరుగెత్తే దారాన్ని ముందు చిన్న గొట్టానికి చుట్టాలి. దాన్ని మేం కండె అంటాం, ఇక్కడివాళ్లు బాబిన్ అంటారు. ఆదివారాలు మా కులసంఘం హాలు ఊడ్చి చాయ్ పెట్టేదాన్ని. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

ఆ హాల్లో తగవులు తీర్చేది రాజం పెద్దయ్య. పద్దెనిమిదేళ్లుగా ఆయనే. మూడేళ్లకోసారి ఓటు. పోటీకి ఎవరూ నిలబడరు. ఈయన ఉండాలా, వద్దా అన్నదొక్కటే ప్రశ్న. ఇంటికో కండె. ఉండాలంటే దారం చుట్టింది, వద్దంటే ఉత్తది, గుడ్డ కప్పిన బుట్టలో ఎవరికీ కనబడకుండా వేయాలి. తీర్పుకు ముందు ఆయన రెండు వైపులవాళ్లకూ నా చేత చాయ్ ఇప్పించేవాడు. కప్పులు ఖాళీ అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. నా భర్త పోయాక మరుదులు మగ్గం పట్టుకుపోతామని వస్తే, ఆ చాయ్ తాగాకే మగ్గం నాదని చెప్పాడు.

లాక్‌డౌన్‌లో కార్ఖానాల్లో పడుకునే కూలీలను వెళ్లగొట్టొద్దు, యజమానులే తిండి పెట్టాలి అని ఆయన తీర్పు. దాంతో పెద్ద కార్ఖానా ఉన్న శంకర్ సేట్‌కు కోపం వచ్చి, ఓటు పెట్టాల్సిందేనన్నాడు. గుంపు కూడదు కనుక బుట్ట పట్టుకుని గల్లీగల్లీ నేనే తిరిగాను.

బుట్టను హాల్లో కుమ్మరించాను. ఒక్కటి తప్ప అన్నీ ఉత్తవే అనిపించాయి. పెద్దయ్య నడుముకున్న హాలు తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. నేను కింద కూర్చుని ఒక్కోటి చేతిలోకి తీసుకున్నాను. ఒకదానికి జాకెట్ కుట్టే దారం రెండు చుట్లు. ఒకదానికి బొంత విప్పిన నూలు. ఒకదానికి పసుపు దారం. ఎప్పుడూ కార్ఖానాలోంచి తెచ్చుకునే దారం ఆ ఏడు ఎవరింట్లో ఉంది?

సేట్ ఒప్పుకోలేదు. "కండె నిండాలె. గివి లెక్కకు రావు. పెద్దయ్యా, సంఘం కాయిదా ఏందో నువ్వే చెప్పు."

"నా కేసుకు నేనెట్ల తీర్పు చెప్త శంకరూ? కండెల పని నర్సవ్వది. ఆమెనడుగు."

నేను బొంత నూలు చుట్టిన కండె ఎత్తి చూపించాను. "వద్దనేటోళ్లు ఉత్తది ఏస్తే అయిపాయె గద సేటూ. బొంత ఇప్పి మరీ ఎందుకు చుడ్తరు?"

తర్వాత, నిండుగా ఉన్న ఆ ఒక్క కండెను సేట్ ముందు పెట్టాను. మెరిసే గులాబీ దారం. మా పేటలో ఆ దారం వాడేది సేట్ కార్ఖానా ఒక్కటే. దాని తాళం ఆయనింట్లోనే ఉంది. నేను బుట్ట పట్టుకెళ్తే ఆ ఇంట్లో గుడ్డ కింద చెయ్యి పెట్టి కండె వేసింది ఆయన భార్య. సేట్ కండెను అటూ ఇటూ తిప్పి చూశాడు. "చాయ్ పెట్టు నర్సవ్వా" అన్నాడు.

నిజంగా ఉత్తవి తొమ్మిదే తేలాయి, మిగతా అన్నింటికీ ఏదో ఒక దారం ఉంది. కప్పులు ఖాళీ అయ్యాక తాళాలు మళ్లీ పెద్దయ్య నడుముకే చేరాయి.

ఇప్పటికీ, కండె ఉత్తదిగా కనబడితే వెంటనే పక్కన పడేయను. వేలితో ఓసారి తడిమి చూస్తాను.