ఉప్పుమడి గట్టు మీద మలుపులు

నిన్న నౌపడ ఉప్పుమడిలో పడ్డాను. ఈతకి కాదు లెండి, సైకిల్ తొక్కుతూ.

మా ఆడపడుచు సుజాత కొండదారుల్లో గేర్ల సైకిల్ తొక్కుతుంది. "ఈ ఆదివారం నన్నూ తీసుకెళ్లవే" అని అడిగాను. కిరాణా కొట్లో కూర్చునీ కూర్చునీ నా నడుము కుర్చీ షేపుకొచ్చేసింది మరి.

"కొండ మీద మలుపులు బాగా ఇరుకు వదినా. ముందు అయి తిరగడం నేర్సుకో, అప్పుడు సూద్దుం" అంది.

అలా ఉప్పుమళ్లకి తీసుకెళ్లింది. మడి చుట్టూ సన్నటి గట్టు. మూలమూలకీ ఠక్కున మలుపు. పడినా దెబ్బ తగలదట.

"మలుపు రాకముందే బ్రేకెయ్యి. తల తిప్పి, ఎటెల్లాలో అటే సూడు. నువ్వెటు సూస్తే సైకిలటే ఎల్తాది. నీళ్లకేసి మాత్రం సూడకు."

ఆ మాట అనకపోతే నీళ్ల సంగతే గుర్తొచ్చేది కాదు. మూల రాగానే కళ్లు అటే పోయాయి. సైకిలూ అటే పోయింది. చేతులు టపటపా కొట్టుకుంటూ "సుజాతా, పట్టుకోవే" అని అరుస్తున్నాను. పక్క మడిలో ఉప్పు లాగుతున్న ఆవిడ పని ఆపి, "నిలబడమ్మా, పాదం కూడా మునగదు" అంది.

నిలబడ్డాను. నిజమే.

సుజాత నవ్వాపుకోలేక గట్టు మీదే కూలబడింది. నాకు ఉక్రోషం వచ్చి మళ్లీ ఎక్కాను. ఈసారి మలుపు అవతలి గట్టునే చూశాను. సైకిల్ తిరిగింది. తర్వాతి మూలా తిరిగింది. బట్టలు ఆరి, ఉప్పు పట్టి అట్టలా బిగుసుకుపోయినా ఆపలేదు.

"ఆదివారం కొండకి వచ్చీయ్ వదినా" అంది సుజాత. నా సంతోషం ఏం చెప్పమంటారు!

ఆ ఊపులోనే సైకిల్ మీద ఇంటికి బయల్దేరాం. మా వీధి రోడ్డుకి కుడిపక్కన. తీరా అక్కడికొచ్చాక మెడ తిరగదు, హ్యాండిల్ వంగదు. అప్పుడు తట్టింది, మడి చుట్టూ నేను సాయంత్రమంతా ఎడమకే తిరిగానని.

దిగి నడిపించాలంటే నామోషీ. సుజాత పిలుస్తున్నా తిన్నగా పోయి, తర్వాతి సందులో ఎడమకి, మళ్లీ ఎడమకి, ఇంకోసారి ఎడమకి తిరిగి, రోడ్డు దాటి నేరుగా మా వీధిలోకి వచ్చాను.

వీధి మొదట్లో కూర్చున్న పక్కింటి పిన్ని నన్ను ఆపింది.

"ఏటమ్మా, ఇందాక ఇల్లు దాటెల్లిపోనావు. మర్సిపోనావేటి?"

"లేదు పిన్నీ, ఇంటికే వస్తన్నాను. ఇయ్యాల ఎడమ నేర్సుకున్నాను. కుడి రేపు."